స్కూటర్ షాక్ మార్చే ముందు బరువు లెక్క చూడండి

సంపాదకులు గారికి,

నమస్కారం. వానలు మొదలైన దగ్గర నుంచి మీ పత్రిక బెంగళూరు పేజీలో రోడ్ల గుంతల ఫోటోలు, వాటి మీద పాఠకుల ఫిర్యాదులు తరచుగా వస్తున్నాయి. అవి రావలసినవే. అయితే ఆ గుంతల మీద రోజూ నడిచే స్కూటర్ల సంగతి, ముఖ్యంగా గతుకుల దెబ్బను తట్టుకునే వాటి సస్పెన్షన్ (స్ప్రింగులు, 'షాక్' అని పిలిచే షాక్ అబ్సార్బర్లు) సంగతి మాత్రం ఎక్కడా చర్చకు రావడం లేదు. గుంతలు పూడే దాకా ఆగలేక ఈ నగరంలో చాలామంది తమ స్కూటర్లకు గట్టి షాక్‌లు, గ్యాస్ షాక్‌లు, లావు స్ప్రింగులు వేయించుకుంటున్నారు. ఆ పని ఎక్కువగా తప్పుడు లెక్క మీద జరుగుతోందని, దానివల్ల నడుము నొప్పి తగ్గకపోగా బ్రేకు పట్టు కూడా పోతోందని నా అభిప్రాయం. పాలిటెక్నిక్ కళాశాలలో మెకానికల్ ఇంజనీరింగ్ పాఠాలు చెప్పి విశ్రాంతి తీసుకుంటున్నవాడిని, మదనపల్లె వైపు నుంచి వచ్చి రామమూర్తి నగర్‌లో స్థిరపడినవాడిని. బండికి ఏదైనా మార్పు చేయించే ముందు మా వీధి కుర్రవాళ్లు వచ్చి ఒక మాట అడిగి వెళుతుంటారు. వారికి చెప్పేదే మీ పాఠకులకూ చెప్పాలని ఈ ఉత్తరం రాస్తున్నాను.

కారుకూ స్కూటర్‌కూ అసలు తేడా బరువుల నిష్పత్తిలో ఉంది. వెయ్యి కిలోల కారులో నలుగురు ఎక్కినా దాని బరువు పావు వంతుకు కాస్త అటూ ఇటూగా పెరుగుతుంది, అంతే. నూట పది కిలోల స్కూటర్ మీద భార్యాభర్తలిద్దరూ కూర్చుని, కాళ్ల దగ్గర పాతిక కిలోల బియ్యం బస్తా పెట్టుకుంటే, మోసే బరువు బండి బరువునే దాటిపోతుంది. అదే బండి మీద మరునాడు ఉదయం యాభై కిలోల కాలేజీ అమ్మాయి ఒక్కతే మారతహళ్లి వెళుతుంది. ఈ రెండు బరువులనూ వెనక ఉన్న ఒకే స్ప్రింగు మోయాలి. మన దేశంలో ఎక్కువ స్కూటర్లకు వెనక ఎడమవైపు ఉండేది ఒక్కటే షాక్. కంపెనీవారు దానికి ఏ స్ప్రింగు పెట్టినా అది ఒక మధ్యేమార్గం మాత్రమే అవుతుంది. తక్కువ బరువు వారికి అది కాస్త గట్టిగాను, ఇద్దరు పెద్దవాళ్లకు కాస్త మెత్తగాను ఉంటుంది. కాబట్టి మార్పు కావాలని కోరుకోవడంలో తప్పేమీ లేదు. ఏ బరువు కోసం మారుస్తున్నామన్న ప్రశ్న వేసుకోకుండా మార్చడంతోనే చిక్కు.

దీనికి తోడు స్కూటర్ కట్టడంలోనే ఒక ఇబ్బంది ఉంది. మోటారు సైకిల్లో ఇంజను ఛాసిస్‌కు బిగించి ఉంటుంది. గుంత వచ్చినప్పుడు చక్రం, దాన్ని పట్టి ఉంచే స్వింగ్ ఆర్మ్ మాత్రమే పైకి కిందికి కదులుతాయి. పెట్రోలు స్కూటర్లో ఇంజను, బెల్టు ఉండే పెట్టె, వెనక చక్రం మూడూ ఒకే ముద్దగా ఊగుతాయి. అంత బరువు ఒక్కసారి పైకి లేస్తే దాన్ని మళ్లీ రోడ్డుకు ఆనించడం స్ప్రింగుకు, ఊగును ఆపే డాంపర్‌కు కష్టమైన పని. ఎలక్ట్రిక్ స్కూటర్లలో కూడా వెనక చక్రం లోపలే మోటారు ఉన్న మోడళ్లకు ఇదే ఇబ్బంది ఉంటుంది; మోటారును ఛాసిస్‌ మీద పెట్టి బెల్టుతో చక్రాన్ని తిప్పే మోడళ్లు ఈ విషయంలో నయం.

చక్రం సైజు కూడా చూడాలి. 90/100-10 అని రాసి ఉన్న టైరు (చివరి అంకె చక్రం సైజు, అంగుళాల్లో) మొత్తం వ్యాసం సుమారు 434 మిల్లీమీటర్లు. 90/90-12 టైరుది సుమారు 467. ఈ కొద్ది తేడా వల్లే పన్నెండు అంగుళాల చక్రం గుంతలో అంత లోతుగా దిగబడదు. 1946లో ఇటలీలో కొర్రాడినో దస్కానియో వెస్పా స్కూటర్ రూపొందించినప్పుడు, ఆయన విమానాల ఇంజనీరు కావడం వల్ల, విమానం చక్రం లాగా ముందు చక్రాన్ని ఒకవైపు నుంచే పట్టి ఉంచే ఏర్పాటు చేశారు. చక్రం విప్పడం సులువైంది, కానీ చక్రం చిన్నదిగానే ఉండిపోయింది. మన చేతక్ కూడా పది అంగుళాల చక్రాల మీదే తిరిగింది. 2013లో వచ్చిన జూపిటర్‌లో రెండు చక్రాలూ పన్నెండు అంగుళాలవి, ముందు టెలిస్కోపిక్ ఫోర్కు (ఒక గొట్టంలో ఇంకొకటి జారే కాళ్లు) ఉన్నది. 2020 జనవరిలో యాక్టివా ఆరో తరం వచ్చేసరికి దానికీ ముందు టెలిస్కోపిక్ ఫోర్కు, పన్నెండు అంగుళాల చక్రం వచ్చాయి. వెనక మాత్రం పది అంగుళాలే మిగిలింది. అంటే కంపెనీలే క్రమంగా సస్పెన్షన్ మెరుగుపరుస్తూ వచ్చాయి. పాత బండి ఉన్నవారు తమ బండినీ బాగు చేసుకోవాలనుకోవడం సహజమే.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. షాక్ అని మనం పిలిచే వస్తువులో రెండు వేర్వేరు పనులు చేసే రెండు భాగాలు ఉన్నాయి. బయట కనిపించే స్ప్రింగు బరువును మోస్తుంది, దెబ్బను తనలో దాచుకుని తిరిగి పైకి తోస్తుంది. లోపల నూనెతో నిండిన గొట్టంలో పిస్టన్ కదులుతూ, చిన్న రంధ్రాల గుండా నూనెను నెట్టుతూ, స్ప్రింగు తిరిగి ఇచ్చే శక్తిని వేడిగా మార్చి చల్లారుస్తుంది. డాంపర్ చచ్చిపోయిన బండి ఒక గతుకు మీద ఎగిరిన తర్వాత కూడా రెండు మూడు సార్లు ఊగుతూనే ఉంటుంది. దుకాణంలో జరిగేదేమిటంటే, ఇలా ఊగే బండిని చూసి 'స్ప్రింగు మెత్తబడింది, గట్టిది వేద్దాం' అంటారు. డాంపర్ చేయవలసిన పనిని స్ప్రింగుకు అప్పగిస్తారు. గట్టి స్ప్రింగు ఇంకా బలంగా పైకి తంతుంది. దాన్ని ఆపే డాంపింగ్ మాత్రం పాతదే, అదీ అరిగిపోయినదే.

స్ప్రింగు గట్టితనం మన కంటికి కనిపించినంత కొంచెంగా మారదు. తీగ లావు పది శాతం పెరిగితే, చుట్టు వెడల్పు, చుట్ల సంఖ్య అలాగే ఉన్నా, స్ప్రింగు గట్టితనం 46 శాతం పెరుగుతుంది. ఎందుకంటే గట్టితనం తీగ వ్యాసం నాలుగో ఘాతాన్ని అనుసరిస్తుంది. పక్కపక్కన పెట్టి చూస్తే ఏడు మిల్లీమీటర్ల తీగకు, ఏడు పాయింట్ ఏడు మిల్లీమీటర్ల తీగకు తేడా గుర్తుపట్టడం కష్టం. 'చూడండి సార్, కొంచెం లావు స్ప్రింగు' అని దుకాణంలో చేతికి ఇచ్చినప్పుడు ఆ 'కొంచెం' అంటే దాదాపు సగం ఎక్కువ గట్టితనం అని కొనేవారికి తెలియదు, తరచుగా అమ్మేవారికీ తెలియదు.

దానివల్ల నడుముకు ఏమవుతుందో లెక్క వేసి చూడవచ్చు. మనిషి కూర్చున్నప్పుడు స్ప్రింగు తన అసలు పొడవు నుంచి మొత్తం 40 మిల్లీమీటర్లు నొక్కుకుంటే, బండి ఊగే వేగం సెకనుకు సుమారు రెండున్నర సార్లు. అదే స్ప్రింగు గట్టిదై 10 మిల్లీమీటర్లే నొక్కుకుంటే ఆ ఊగు సెకనుకు సుమారు ఐదు సార్లకు చేరుతుంది. కూర్చున్న మనిషి శరీరం నిలువు కంపనాలకు ఎక్కువగా లోనయ్యేది సెకనుకు నాలుగు నుంచి ఎనిమిది సార్ల మధ్యలో, ఐ.ఎస్.ఓ. 2631 ప్రమాణం కంపనాలను కొలిచేటప్పుడు ఈ పరిధికే ఎక్కువ విలువ ఇస్తుంది. వెన్నెముక అడుగు భాగం తనంతట తాను ఊగే వేగం కూడా ఇంచుమించు అక్కడే ఉంటుంది. అంటే నడుము నొప్పి తగ్గాలని గట్టి షాక్ వేయించుకున్న మనిషి, తన నడుముకు బాగా హాని చేసే కంపనాలనే డబ్బిచ్చి తెచ్చుకుంటున్నాడన్నమాట. ఒంటరిగా తిరిగే, అరవై కిలోల లోపు బరువున్న వారికి ఇది మరీ నిజం. మా వీధిలో ఇలాంటి గట్టి షాక్ వేయించిన ఒక అమ్మాయి వారం తిరగకుండానే బండిని వాళ్ల నాన్నకు అప్పజెప్పి బస్సు ఎక్కడం మొదలుపెట్టింది.

ప్రీలోడ్, అంటే స్ప్రింగును ముందే కొంత నొక్కి ఉంచడం గురించి కూడా ఒక అపోహ ఉంది. వెనక షాక్ అడుగున మెట్లున్న పట్టీని సి స్పానర్‌తో తిప్పితే స్ప్రింగు గట్టిపడుతుందని చాలామంది అనుకుంటారు. స్ప్రింగు గట్టితనం ఏమీ మారదు. ముందే కొంత నొక్కి ఉంచడం వల్ల బండి వెనక భాగం తక్కువ కుంగుతుంది, కుంగిన తర్వాత కదలడానికి కింది వైపు ఎక్కువ చోటు మిగులుతుంది, అంతే. ఇద్దరు ఎక్కేటప్పుడు ఒక మెట్టు పైకి, ఒక్కరే వెళ్లేటప్పుడు కిందికి తిప్పుకోవడం ఈ పట్టీకి ఉన్న అసలు ప్రయోజనం. పైసా ఖర్చు లేని ఈ పని చేసేవారు నాకు అరుదుగా కనిపించారు. కొన్న రోజున షోరూంలో ఏ మెట్టు మీద ఉందో చాలా బళ్లలో ఏళ్ల తరబడి అదే మెట్టు ఉండి, పట్టీ తుప్పుపట్టి కదలనంటుంది.

ఎంత కుంగాలో తెలుసుకోవడానికి టేపు ఒక్కటి చాలు. బండిని సెంటర్ స్టాండు మీద పెడితే వెనక చక్రం గాలిలో వేలాడుతుంది. అప్పుడు యాక్సిల్ నట్టు మధ్య నుంచి దానికి నేరుగా పైన ఉన్న బాడీ మీద ఒక గుర్తు దాకా కొలవాలి. తరువాత బండిని స్టాండు దించి, రోజూ కూర్చునే మనిషి రోజూ కూర్చునేట్టే కూర్చుని, ఒకసారి బండిని కిందికి నొక్కి వదిలిన తర్వాత అదే దూరాన్ని ఇంకొకరు కొలవాలి. రెండు కొలతలకూ తేడాయే కుంగు. చక్రం కదలగల మొత్తం దూరంలో ఈ కుంగు పావు వంతు నుంచి మూడో వంతు లోపు ఉంటే స్ప్రింగు ఆ బరువుకు సరిపోయినట్టే. చక్రం 80 మిల్లీమీటర్లు కదిలే బండికి 20 నుంచి 27 మిల్లీమీటర్లు అన్నమాట. కుంగు పది మిల్లీమీటర్లే ఉంటే స్ప్రింగు మనకు మరీ గట్టిది. నలభై దాటితే మరీ మెత్తది. ముందు ఫోర్కుకు ఇంకా సులువైన పద్ధతి ఉంది: లోపలి గొట్టం బయటకు కనిపించే బళ్లలో దాని చుట్టూ ప్లాస్టిక్ జిప్ టై ఒకటి వదులుగా కట్టి, సీలు దాకా జరిపి, రోజూ వెళ్లే దారిలో ఒకసారి వెళ్లి రావాలి. టై ఎంత దూరం జరిగిందో చూస్తే ఫోర్కు పూర్తిగా కొట్టుకుంటోందో, సగం కూడా కదలడం లేదో తెలిసిపోతుంది. ఈ రెండు కొలతలూ చేతిలో లేకుండా షాక్ కొనడానికి వెళ్లవద్దని నా మనవి.

ఇవి కొలవక ముందే చూసుకోవలసినవి కొన్ని ఉన్నాయి. బండి గతుకు కొడుతోందని వచ్చే ఫిర్యాదుల్లో నేను చూసినంతవరకు చాలావాటికి మూలం టైరు గాలి. ఒక్కరికి వెనక 29, ఇద్దరికి 36, ముందు 22 పౌండ్లు అని కొన్ని స్కూటర్లకు కంపెనీ చెబుతుంది. మీ బండి మీద ఎంతని రాసి ఉందో చూసి అంతే పెట్టించాలి. పెట్రోలు బంకులో గాలి పట్టే కుర్రవాడు వరుసలో ఉన్న అన్ని బళ్లకూ ముందు వెనక ఒకటే అంకె పెట్టి వదిలేస్తాడు. ముందు టైరులో 35 పౌండ్లు గాలి ఉన్న స్కూటర్‌కు ఎంత ఖరీదైన ఫోర్కు పెట్టినా అది రాయి మీద రాయి పడ్డట్టే కొడుతుంది. తరువాతది బుష్‌లు. ఇంజను ఛాసిస్‌కు వేలాడే చోట రబ్బరు బుష్‌లు ఉంటాయి. అవి చిట్లితే వెనక నుంచి టక్ టక్ మంటుంది, అందరూ షాక్ పోయిందనుకుంటారు. పాత పద్ధతి లింకు సస్పెన్షన్ ఉన్న బళ్లలో ముందు లింకు బుష్‌లు అరిగితే హ్యాండిల్ ఊగుతుంది. హ్యాండిల్ తిరిగే బేరింగులు, అంటే కోన్ సెట్, వదులైనా అంతే. షాక్ రాడ్ మీద వేలు పెట్టి చూడండి. దుమ్ము నూనెతో కలిసి నల్లటి జిగురుగా అంటుకుంటే సీలు పోయింది, నూనె కారుతోంది, ఆ షాక్ పని అయిపోయింది. ముందు ఫోర్కు సీలు పోతే నూనె కారి డిస్కు మీదికో బ్రేకు లోపలికో చేరే ప్రమాదం ఉంది కాబట్టి దానికి ఆలస్యం పనికిరాదు.

ఇవన్నీ సరిగా ఉండి, డాంపర్ నిజంగా అరిగిపోయిందని తేలితే, మొదటి ఎంపిక అదే మోడల్‌కు కంపెనీ ఇచ్చే కొత్త షాక్. దీన్ని మెరుగుదల అని ఎవరూ అనరు. కానీ నలభై వేల కిలోమీటర్లు తిరిగిన పాత షాక్ తీసి కొత్తది వేసిన బండి నడిపినవారికి అది ఎంత మెరుగుదలో తెలుసు. డాంపర్ రోజుకు కొంచెం కొంచెంగా అరుగుతుంది, మన శరీరం దానికి అలవాటుపడుతుంది. కొత్త బండి ఎలా ఉండేదో మరిచిపోతాం.

అంతకు మించి కావాలంటే గ్యాస్ నింపిన షాక్‌లు ఉన్నాయి. మామూలు షాక్‌లో నూనెతో పాటు కొంత గాలి కూడా ఉంటుంది. వరుస గతుకుల మీద పిస్టన్ వేగంగా కదిలితే ఆ గాలి నూనెలో కలిసి నురగ వస్తుంది, నురగ రంధ్రాల గుండా తేలిగ్గా పోతుంది, డాంపింగ్ పడిపోతుంది. నైట్రోజన్ వాయువును ఒత్తిడితో నింపి ఉంచితే నూనె నురగ కట్టదు. ఫ్రాన్స్‌కు చెందిన ద కార్బన్ అనే ఆయన 1950 దశకంలో దీన్ని రూపొందించారు. ఈనాటికీ సూత్రం అదే. కాబట్టి గ్యాస్ షాక్ అంటే గట్టి షాక్ అని అర్థం కాదు. ఎక్కువసేపు నడిచినా ఒకేలా పనిచేసే షాక్ అని అర్థం. ఔటర్ రింగ్ రోడ్డు సర్వీసు రోడ్డు లాంటి చోట్ల రోజంతా తిరిగేవారికి అది పనికి వస్తుంది. వారాంతంలో కూరగాయలకు వెళ్లే బండికి అంత ఖర్చు అక్కరలేదు. మంచి రకాల్లో రీబౌండ్ (నొక్కుకున్న షాక్ తిరిగి సాగే వేగం) సర్దుకునే మర కూడా ఉంటుంది. దాన్ని కొనేవారు ఒక్కో మెట్టు తిప్పుతూ, అదే వీధిలో అదే వేగంతో నడిపి చూసుకోవాలి. జె.సి. రోడ్డు, కలాసిపాళ్యం బజార్లలో అన్ని ధరల్లోనూ ఇవి దొరుకుతాయి. పైకి ఎరుపు రంగు పూసి, పక్కన చిన్న డబ్బా అతికించి, లోపల గ్యాసే లేని సరుకు కూడా గ్యాస్ షాక్ పేరు మీదే అమ్ముడవుతోంది. అలాంటిదొకటి విప్పి చూశాను. ఆ డబ్బాకూ షాక్‌కూ మధ్య దారే లేదు.

కొలతలు కచ్చితంగా సరిపోవాలి. పై బోల్టు మధ్య నుంచి కింది బోల్టు మధ్య దాకా ఉన్న పొడవు పాత షాక్‌తో సమానంగా ఉండాలి. పొడవు ఎక్కువైతే వెనక భాగం లేస్తుంది, ముందు ఫోర్కు నిలువుకు దగ్గరవుతుంది, హ్యాండిల్ తేలికై వేగంలో తడబడుతుంది. సెంటర్ స్టాండు వేసినా వెనక చక్రం నేలను వదలదు, సైడ్ స్టాండు మీద బండి మరీ వాలిపోతుంది. పొడవు తక్కువైతే పెద్ద గుంతలో టైరు మడ్‌గార్డుకు తగులుతుంది. బోల్టు రంధ్రం పెద్దదైతే లోపల గొట్టం ముక్క దూర్చి బిగించే అలవాటు కొన్ని షాపుల్లో ఉంది. మొత్తం వెనక బరువు నిలిచే చోట అలాంటి అతుకు వేయించుకోవడానికి ఎవరూ ఒప్పుకోకూడదు. స్ప్రింగు చుట్ల మధ్య రబ్బరు ముక్కలు ఇరికించడం కూడా ఇలాంటిదే: ఇరికించిన చుట్లు పనిచేయడం మానేస్తాయి, వాటి వాటా ఒత్తిడి మిగిలిన చుట్ల మీద పడి తీగ అక్కడే విరుగుతుంది.

ముందు ఫోర్కులో చిక్కటి నూనె పోయడం ఇప్పుడు బాగా చెల్లుబాటవుతున్న మరో చిట్కా. బ్రేకు వేస్తే ముందు భాగం మరీ దిగిపోతున్న బండికి ఒక స్థాయి చిక్కదనం పెంచడం మేలే చేస్తుంది. అతిగా పెంచితే నొక్కుకున్న ఫోర్కు తిరిగి రావడానికి ఆలస్యమవుతుంది. మన ఫ్లైఓవర్ల మీద వరుసగా వేసే తెల్ల పట్టీలు చూడండి. మొదటి పట్టీకి నొక్కుకున్న ఫోర్కు తేరుకోక ముందే రెండోది, మూడోది వస్తాయి. నాలుగో పట్టీకి వచ్చేసరికి ఫోర్కు కుంగిన చోటే ఉండిపోయి, ఇనుప కడ్డీ లాగా కొడుతుంది. రెండు కాళ్లలోనూ నూనె ఒకే కొలతలో ఉండాలన్న సంగతి వేరే చెప్పనక్కరలేదు గాని, కొలపాత్ర లేకుండా కంటి అంచనాతో పోసే షాపులు చాలా ఉన్నాయి.

బ్రేకు మాట ఎత్తాను కాబట్టి దాని గురించి ఇంకొంచెం చెప్పాలి. 2019 ఏప్రిల్ నుంచి 125 సీసీ, అంతకు తక్కువ ఉన్న కొత్త ద్విచక్ర వాహనాలన్నిటికీ రెండు చక్రాల బ్రేకులు కలిసి పనిచేసే ఏర్పాటు గాని, చక్రం బిగుసుకుపోకుండా చూసే ఏ.బి.ఎస్. గాని తప్పనిసరి అయింది. మంచి నిబంధన. కానీ రోడ్డుకు ఆనని చక్రాన్ని ఏ బ్రేకూ ఆపలేదు. గట్టి స్ప్రింగు, అరిగిన డాంపర్ ఉన్న స్కూటర్ వెనక చక్రం గరుకు రోడ్డు మీద నేలకు తగులుతూ, వదులుతూ పోతుంది. అలాంటి చోట బ్రేకు పట్టితే గాలిలో ఉన్న క్షణంలో చక్రం ఆగిపోతుంది, నేలకు తగిలిన క్షణంలో జారుతుంది. కె.ఆర్. పురం వంతెన దగ్గర కంకర తేలిన చోట బస్సు హఠాత్తుగా ఆగితే ఏమవుతుందో ఊహించుకోండి. సర్వీసు సెంటర్లో బ్రేకు షూ అరిగితే మార్చమని గట్టిగా చెబుతారు, షాక్ నూనె కారుతుంటే 'ఇంకొన్నాళ్లు నడుస్తుంది' అని పంపేస్తారు. నా దృష్టిలో ఈ రెండూ ఒకే తరగతి లోపాలు.

వెనక కూర్చునేవారి గురించి ఎవరూ అడగరు. బండి నడిపే మనిషి రెండు చక్రాల మధ్యన కూర్చుంటాడు. వెనక సీటు దాదాపు వెనక యాక్సిల్ మీదే ఉంటుంది. అక్కడ కూర్చున్న వారి బరువు ఇంచుమించు అంతా వెనక స్ప్రింగు మీద పడుతుంది, ఆ స్ప్రింగు కొట్టే దెబ్బ అంతా వారికే తగులుతుంది. మన ఇళ్లలో ఆ సీటులో కూర్చునేది భార్యలు, తల్లులు, పిల్లలు. చీర కట్టుకుని ఒకవైపుకు కూర్చున్న స్త్రీకి రెండు కాళ్లూ ఒకే వైపు ఉంటాయి, గతుకు వచ్చినప్పుడు కాళ్ల మీద లేచి దెబ్బ తప్పించుకునే వీలు ఉండదు. షాక్ మార్చి వీధి చివరి దాకా ఒక్కరే నడిపి 'బాగుంది' అని డబ్బు చెల్లించడం కాకుండా, రోజూ వెనక కూర్చునే మనిషిని కూర్చోబెట్టుకుని ఒక హంపు దాటి, ఎలా ఉందని ఆమెను అడిగి చెల్లించడం న్యాయం.

ఇక రోజుకు పది పన్నెండు గంటలు స్కూటర్ మీదే ఉండే డెలివరీ కుర్రవాళ్లు. మా వైపు అద్దెకు ఉండే వారిలో అనంతపురం, కర్నూలు, చిత్తూరు జిల్లాల పిల్లలు చాలామంది ఉన్నారు. వీపు మీద సంచి బరువు, లేదా వెనక యాక్సిల్‌కు ఇంకా వెనక బిగించిన పెట్టె బరువు, రెండూ స్ప్రింగు మీద పడేవే. ఐరోపా సమాఖ్య 2002లో తెచ్చిన ఆదేశం ప్రకారం, ఎనిమిది గంటల పనిలో శరీరమంతటికీ తగిలే కంపనం సెకను వర్గానికి 0.5 మీటర్లు దాటితే యజమాని నివారణ చర్యలు తీసుకోవాలి, 1.15 దాటనివ్వకూడదు. కర్ణాటక ప్రభుత్వం 2025లో గిగ్ (యాప్‌ల ద్వారా పనిచేసే) కార్మికుల సామాజిక భద్రత, సంక్షేమ చట్టం తెచ్చి, ప్రతి లావాదేవీలో కార్మికుడికి చెల్లించే మొత్తం మీద ఒకటి నుంచి ఐదు శాతం వరకు రుసుముతో సంక్షేమ నిధికి ఏర్పాటు చేసింది. ఆ నిధి నుంచి ఏడాదికి ఒకసారి ఈ కార్మికుల బళ్లకు షాక్ తనిఖీ, అవసరమైతే కొత్త షాక్, టైరు మార్పు చేయించాలని నేను కోరుతున్నాను. నడుము విరిగిన తర్వాత ఇచ్చే వైద్య సహాయం కన్నా దీనికి అయ్యే ఖర్చు చాలా తక్కువ.

రోడ్డు వైపు బాధ్యత లేదని ఈ ఉత్తరం అర్థం కాదు. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 1988 నాటి ఐ.ఆర్.సి. 99 మార్గదర్శకాల్లో గుండ్రటి హంపు వెడల్పు 3.7 మీటర్లు, ఎత్తు 10 సెంటీమీటర్లు, వంపు వ్యాసార్ధం 17 మీటర్లు అని ఉంది. అలాంటి హంపును 25 కిలోమీటర్ల వేగంతో దాటవచ్చు. మన లేఅవుట్లలో అదే ఎత్తును అడుగున్నర వెడల్పులో పోసేస్తారు, రంగు కూడా వేయరు. దాన్ని ఏ షాక్ కూడా మెత్తగా దాటించలేదు. నాసిరకం రోడ్డు వల్ల మరణమో అంగవైకల్యమో కలిగితే బాధ్యులకు లక్ష రూపాయల దాకా జరిమానా వేయడానికి మోటారు వాహనాల చట్టంలో 198ఎ సెక్షన్ 2019 నుంచి ఉంది. దాన్ని వాడాలి.

అదే చట్టం బండి యజమానినీ కట్టడి చేస్తుంది. 52వ సెక్షన్ ప్రకారం ఆర్.సి.లో నమోదైన వివరాలు కంపెనీ మొదట ఇచ్చిన వాటికి భిన్నమయ్యేలా బండిని మార్చకూడదు; సుప్రీంకోర్టు 2019 జనవరిలో ఇదే మాట గట్టిగా చెప్పింది. 182ఎ సెక్షన్ కింద అనుమతి లేని ఒక్కో మార్పుకు ఐదు వేల రూపాయల జరిమానా, ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ వేయవచ్చు. అరిగిన షాక్ స్థానంలో అదే కొలతల షాక్ వేయడం మరమ్మతు. చక్రం సైజు మార్చడం, బండి ఎత్తు లేపడం, వేరే మోడల్ ఫోర్కు కోసి అతికించడం వేరు. వీడియోలు చూసి ఉత్సాహపడే పిల్లలకు తల్లిదండ్రులు ఈ తేడా చెప్పాలి.

నేను కోరేది కొద్ది విషయాలే. స్కూటర్ కంపెనీలు యజమాని పుస్తకంలో చక్రం ఎంత దూరం కదులుతుందో, ఎవరి బరువుకు ఎంత కుంగాలో, ఏ మెట్టు ఎంత బరువుకో ముద్రించాలి. ఇప్పుడున్న ఒకే స్ప్రింగుకు బదులు తేలిక, మధ్యస్థం, బరువు అని మూడు రకాల స్ప్రింగులు తమ సర్వీసు సెంటర్లలోనే అమ్మాలి. డాంపర్ కూడా దానికి తగ్గట్టు ఉండాలి. విడిగా షాక్ అమ్మే దుకాణాలు బిల్లు మీద పొడవు, స్ప్రింగు గట్టితనం, సరిపోయే బరువు రాసి ఇవ్వాలి. ఇవి రాయలేని వస్తువు కొనకుండా వెనక్కి రావడం పాఠకుల చేతిలో ఉంది.

మీ పత్రిక వాహనాల పేజీలో కొత్త బళ్ల ధరలు, మైలేజీ వేస్తుంటారు. దానితో పాటు మన ఊళ్లో ఎక్కువగా తిరిగే స్కూటర్లకు టైరు గాలి, వెనక షాక్ మెట్టు, ఒక్కరికి ఇద్దరికి ఉండవలసిన కుంగు, ఈ నాలుగూ ఉన్న పట్టిక ఒకటి వేయమని కోరుతున్నాను. కొలతలు తీయడానికి మా వీధిలో బళ్లున్నవారు, నా పాత విద్యార్థులు కొందరు ముందుకు వచ్చారు. మీరు అనుమతిస్తే ఆ వివరాలు సిద్ధం చేసి పంపుతాను.

ఇట్లు,
విశ్రాంత పాలిటెక్నిక్ అధ్యాపకుడు,
రామమూర్తి నగర్, బెంగళూరు.